పెళ్లి కాని పిల్లకు ఈ టీకా ఎందుకు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పెద్దమ్మాయికి 19 ఏళ్లు, కాకినాడలో డిగ్రీ చదువుతోంది. చిన్నదానికి 12. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేయించుకోమని కాలేజీలో చెప్పారట. మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. పెళ్లి కాని పిల్లకు ఇదేమిటంటారు, పిల్లలు పుట్టరేమో అంటారు. అప్పట్లో ఖమ్మంలో ఆడపిల్లలు చనిపోయారని కూడా విన్నారట. సంబంధాలు చూస్తున్నాం, నాకూ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు డాక్టరు గారూ?

జవాబు: వేయించండమ్మా. పెళ్లి కాలేదు కాబట్టే ఇప్పుడు వేయించాలి. ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. శారీరక సంబంధం వల్ల అంటుతుంది. జీవితంలో భర్త ఒక్కడే అయినా రావచ్చు, పిల్ల నడతకూ దీనికీ ముడిపెట్టకండి. చాలామందిలో దానంతటదే పోతుంది. కొందరిలో ఉండిపోయి పదిహేను, ఇరవై ఏళ్లకు క్యాన్సర్‌గా మారుతుంది. ఒంట్లో చేరిపోయిన వైరస్‌ను టీకా తీసెయ్యలేదు, చేరకముందే అడ్డుకోవాలి.

పోయిన ఊడ్పుల్లో ఒక లంక ఊరి నుంచి 46 ఏళ్ల ఆవిడ పంటు దాటి నా దగ్గరికి వచ్చింది. ముట్లు ఆగిన రెండేళ్లకు మళ్లీ ఎరుపు కనబడిందట. వేడి చేసిందనుకుని ఏడాదిపాటు సబ్జా నీళ్లు తాగింది. నేను చూసేసరికి జబ్బు గర్భసంచి దాటిపోయింది. ‘ముందే వస్తే తగ్గేదామ్మా?’ అని అడిగింది. నాకు నోరు రాలేదు.

మీ అత్తగారు విన్నది ఉత్తమాట కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు ఈ టీకా వేశాక కొందరు చనిపోయారు, 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. విచారణలో ఆ మరణాలకూ టీకాకూ సంబంధం కనబడలేదు. కానీ తల్లిదండ్రులకు సరిగ్గా చెప్పి అనుమతి తీసుకోలేదని తేలింది. అది పెద్ద తప్పే. అందుకే పెద్దావిడను మీతో తీసుకురండి, ఎన్ని ప్రశ్నలడిగినా కూర్చుని చెబుతాను. టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దాని పైపొర లాంటి ప్రోటీన్ మాత్రమే ఉంటుంది. దీనివల్ల పిల్లలు పుట్టకపోవడమంటూ లేదు. మా అమ్మాయికి పదమూడో ఏట నేనే వేయించాను.

పెద్దమ్మాయికి మూడు డోసులు: ఇప్పుడొకటి, రెండు నెలలకొకటి, మొదటిదానికి ఆరు నెలలకొకటి. చిన్నదానికి ఆరు నెలల తేడాతో రెండు చాలు. మన దేశంలో తయారైన టీకా 2023 నుంచి దొరుకుతోంది. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం ఉండొచ్చు. ఈ వయసు పిల్లల్లో కొందరికి సూదంటే కళ్లు తిరుగుతాయి, పావుగంట కూర్చోబెట్టండి. మధ్యలో పెళ్లయి నెల తప్పితే మిగిలిన డోసు కాన్పు అయ్యాక వేయించవచ్చు.

ఇంతకీ మీ సంగతి రాయలేదు. ముప్ఫై దాటిన ఆడవాళ్లందరికీ ముఖద్వారం పరీక్ష కావాలి. టీకా వేయించుకున్న వాళ్లకూ ఆ వయసు వచ్చాక అవసరమే. నొప్పి పెద్దగా ఉండదు, కొద్ది నిమిషాల పని. పిల్లలను తీసుకొచ్చిన రోజే మీరూ చేయించుకోండి.