మైపాడు రోడ్డు షెడ్డు వద్దు అబ్బాయ్

కావలి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందని విని మీ అత్త సంతోషించింది.

నువ్వు ఫోనులో చెప్పిన సంగతి రెండు రోజులుగా మనసులో తిరుగుతూనే ఉంది. నెల్లూరులో షెడ్డు తీసుకుని చెన్నై వాళ్ల స్పోర్ట్స్ కార్లు, సెకండ్‌హ్యాండ్ డీలర్ల కార్లు నెలకింత అని తీసుకుని దాచే పని మొదలుపెడతానన్నావు. మంచి ఆలోచనే. ఇరవై ఆరేళ్లు చెన్నైలో ఇలాంటి కార్ల స్టాక్‌యార్డు చూసుకున్నవాణ్ణి. ఫోనులో తెగే మాటలు కావివి, అందుకే రాస్తున్నాను.

తిరిగే కారు కంటే నిలబడ్డ కారే తొందరగా చెడుతుంది. ఈ పనిలో మిగతావన్నీ దీని తర్వాతే. మీ తాత బండలాగుడు పందేలకు ఎద్దుల్ని మేపిన సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. పందెం లేని నెలల్లో కూడా తెల్లారకముందే వాటిని పొలం గట్ల మీద నడిపించుకొచ్చేవాడు. కట్టుకొయ్యకి కట్టేసి ఎంత ఉలవలు పెట్టినా ఎద్దు పాడైపోతుందనేవాడు. నీ షెడ్డులోకి వచ్చే కారుకీ రోజూ ఎవరో ఒకరి చూపు, చెయ్యి తగలాలి. తాళం వేసి అద్దె వసూలు చేసుకుందామనుకుంటే ఈ పని వద్దు.

ఇక షెడ్డు. మైపాడు రోడ్డులో అద్దె సగానికి సగం తక్కువన్నావు. వద్దు నాయనా. ఎందుకు తక్కువో ఒకసారి ఆలోచించు. ఆ వైపు సముద్రపు గాలి, చుట్టూ రొయ్యల గుంటలు. ఉప్పు తేమ పెయింటుని అంత తొందరగా ఏమీ చేయదు, అందుకే జనం మోసపోతారు. అది పట్టేది లోపల: వైరింగ్ కనెక్టర్లు, బోల్టులు, బ్రేకు డిస్కులు, అల్యూమినియం భాగాలు. ఒక కస్టమరు కారు ఎనిమిది నెలలు బీచ్ పక్క ఇంట్లో ఉండి మా దగ్గరికి వచ్చింది. పైన అద్దంలా మెరుస్తోంది. కింద పడుకుని టార్చి వేస్తే ప్రతి బోల్టు తల మీదా ఎర్రటి పొడి. ఒక కనెక్టరు ఊడదీస్తే పిన్నుల మధ్య ఆకుపచ్చగా చిలుము పేరుకుపోయి ఉంది. సెన్సరు ఎర్రర్లు ఎందుకొస్తున్నాయో తెలియక అప్పటికి రెండు వర్క్‌షాపులు తిరిగారట.

పొదలకూరు రోడ్డు వైపు చూడు. సముద్రానికి దూరం, నేలా మెరక. మెరక అని ఎందుకంటున్నానో నీకు తెలుసు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి కోవూరు దగ్గర హైవే, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్న రోజులు నీ కళ్లతో చూశావు. నేను చూసింది 2015 డిసెంబరు చెన్నై వరద. మా కార్లు కొన్ని ఒక బిల్డింగు సెల్లార్లో ఉన్నాయి. రాత్రి నీళ్లు ర్యాంపు మీద నుంచి దిగుతుంటే ఆరుగురం కార్లు బయటికి తొయ్యాలని చూశాం. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేకులు, ఒక్కటీ కదలదు. మూడో రోజు నీళ్లు తీశాక, ఒక కారులో నీళ్లు సీటు దాకానే వచ్చాయి కదా అని ఒక కుర్రాడు స్టార్ట్ బటన్ నొక్కాడు. ఠక్కుమని ఒక్క చప్పుడు. సిలిండర్లో చేరిన నీళ్లు గాలిలా అణగవు కాబట్టి పిస్టన్‌కి తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. నొక్కకపోతే ఆ ఇంజను బతికేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. సెల్లారు ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. షెడ్డు గచ్చు రోడ్డు కంటే రెండడుగులైనా ఎత్తుండాలి. ఎప్పుడైనా కారు మునిగితే బ్యాటరీ వైరు తీసి ఫ్లాట్‌బెడ్ లారీ మీద వర్క్‌షాపుకి పంపు. బటన్ మీద ఎవరి వేలూ పడకూడదు.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పని చెయ్యి. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు గచ్చు మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అతికించు. ఒక రోజంతా అలాగే వదిలెయ్యి. తీసినప్పుడు షీటు అడుగున చెమటలా నీటి చుక్కలు కనిపించినా, గచ్చు ముదురు రంగుకి తిరిగినా, భూమిలోంచి తేమ పైకి వస్తున్నట్టే. అలాంటి నేల మీద ఎపాక్సీ పూత వేసినా పొక్కులు లేచి ఊడుతుంది. ఆ షెడ్డు మనకొద్దు.

గోడలు, గచ్చు బాగుంటే గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫయర్లు రెండు కొను, డబ్బు ముందు అక్కడ పెట్టు. టీవీ, సోఫా, గ్లాసు తలుపులు తర్వాత చూద్దువు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, గాలంతా నీళ్లే. లోపల తేమ 50 శాతం దగ్గర నిలబెట్టు. 65, 70 దాటి రోజులు గడిస్తే లెదరు సీట్ల మీద బూజు. మరీ 40 కంటే దిగినా లెదరు ఎండి పగులుతుంది. రోహిణి కార్తెలో రేకు షెడ్డు పొయ్యి అయిపోతుంది కాబట్టి కప్పుకి ఇన్సులేషన్ తప్పదు. వేడి బ్యాటరీ ఆయుష్షునీ తినేస్తుంది.

బ్యాటరీ గురించి కాస్త ఓపిగ్గా చదువు. ఈ కార్లు ఆఫ్ చేసినా నిద్రపోవు. అలారం, ట్రాకర్, తాళంచెవి కోసం వెతికే రిసీవరు, అన్నీ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూ ఉంటాయి. ఊరికే నిలబెడితే కొన్ని వారాల్లోనే బ్యాటరీ దిగిపోతుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే మీటరు 12.6 వోల్టులో, ఇంకాస్త పైనో చూపిస్తుంది. 12.4కి దిగితే ఛార్జి పెట్టు. 12కి దిగనిచ్చావంటే లోపల ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి ఆ బ్యాటరీ మళ్లీ ముందులా ఉండదు. అందుకే ప్రతి కారుకీ ఒక మెయింటైనర్ ఛార్జరు, అంటే బ్యాటరీని మెల్లగా నిండుగా నిలబెట్టేది, రోజంతా తగిలించే ఉండాలి. ఊళ్లో బ్యాటరీ షాపు వాళ్లు వాడే మొరటు ఛార్జరు ఈ కార్ల దగ్గరికి రానివ్వొద్దు. మెక్‌లారెన్‌లో, కొన్ని పోర్షే మోడళ్లలో లిథియం బ్యాటరీ వస్తుంది. దానికి లిథియం ఛార్జరే పెట్టాలి. కారు దిగగానే ఏ బ్యాటరీయో చూసి రాసుకో. కరెంటు పోయి వచ్చాక కొన్ని ఛార్జర్లు వాటంతటవే మొదలవ్వవు. నెల్లూరులో వానాకాలం కరెంటు సంగతి నేను చెప్పాలా? కరెంటు వచ్చిన ప్రతిసారీ ఒక మనిషి వెళ్లి ఛార్జర్ల లైట్లన్నీ చూసి రావాలి.

చాలా పోర్షే 911 కార్లకి బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరుచుకోవాలంటే కరెంటు కావాలి. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు బ్యాటరీ చచ్చిన 911 ముందు అరపూట నిలబడిపోయాను. చివరికి ఒక పెద్ద మెకానిక్ వచ్చి, లోపల కాళ్ల దగ్గరున్న ఫ్యూజు బాక్సులోంచి చిన్న ప్లస్ పిన్ను బయటికి లాగి, బయటి బ్యాటరీతో దానికి కరెంటిచ్చి డిక్కీ తెరిచాడు. ఆ దారి కారుతో వచ్చే పుస్తకంలోనే ఉంది, నేనే చదవలేదు. వచ్చిన ప్రతి కారు పుస్తకమూ రాత్రి కూర్చుని చదువు.

స్టార్ట్ చేసే సంగతి. నీ స్నేహితులు వస్తారు, ఒక్కసారి సౌండు వినిపించమంటారు. వినిపించొద్దు. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. వేడెక్కిన సైలెన్సరులోంచి ఆ ఆవిరి బయటికి పోతుంది. అయిదు నిమిషాలు ఆడించి ఆపితే చల్లటి సైలెన్సరులోనే నీరుగా దిగి ఉండిపోతుంది, కొంత ఇంజను ఆయిల్లోనూ కలుస్తుంది. అందుకని స్టార్ట్ చేస్తే రోడ్డెక్కించు, లేకపోతే ముట్టుకోకు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుని, ఇన్సూరెన్సు ఉంటే, తెల్లవారుజామున హైవే మీద ఇరవై నిమిషాలు తిప్పు. కూలెంటు వేడెక్కితే చాలదు, ఆయిలు వేడి 80, 90 డిగ్రీలకి రావాలి, అది ఆలస్యంగా వస్తుంది. అంతవరకు ఇంజన్ని గట్టిగా తిప్పకూడదు. రిజిస్ట్రేషన్ కాని కారైతే ఆ ఊసే వద్దు, అది ఫ్లాట్‌బెడ్ మీదే కదలాలి. ఫ్లాట్‌బెడ్ వాడు బెల్టు టైరు మీద నుంచి బిగించాలి. సస్పెన్షన్ ఆర్ముకి కొక్కెం తగిలించబోతే అక్కడే ఆపించు.

పెట్రోలు మనకిప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసింది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలోని గాలిలోంచే తేమ దొరుకుతుంది. నిండుగా ఉంచు, మూడు నెలలు దాటి నిలబడే కారైతే పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి, నిలబెట్టే ముందు రోడ్డు మీద తిప్పేటప్పుడే అది పెట్రోలు పైపుల్లోకి వెళ్లనివ్వు.

టైర్లకి నేను చాక్‌పీసు వాడేవాణ్ణి. టైరు పైభాగాన, సరిగ్గా గడియారంలో పన్నెండు దగ్గర ఒక గీత. పదిహేను రోజులకొకసారి కారుని మూరెడు మీద కాస్త ముందుకి తోస్తే గీత మూడు దగ్గరికి వస్తుంది. తర్వాత ఆరు, తర్వాత తొమ్మిది. టైరు ఒకేచోట బరువు మోస్తే అక్కడ చదునుగా అణిగిపోతుంది, రోడ్డెక్కాక స్టీరింగు దడదడలాడుతుంది. గాలి మామూలు కంటే నాలుగైదు పాయింట్లు ఎక్కువ పెట్టు, కారు ఇచ్చేసే రోజు మర్చిపోకుండా దించు.

హ్యాండ్‌బ్రేకు వేసి వదలకూడదు. తడి రోజుల్లో డిస్కు తుప్పుకి ప్యాడు అతుక్కుపోతుంది. చాలా కార్లు ఆఫ్ చేయగానే వాటంతటవే బ్రేకు వేసుకుంటాయి, వద్దని చెప్పే పద్ధతి పుస్తకంలో ఉంటుంది. చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టు.

కడగడంలో మన ఊరి ఇబ్బంది ఒకటుంది. తీరం వైపు బోరు నీళ్లు ఉప్పు. ఆ నీళ్లతో కడిగి ఎండలో వదిలితే పెయింటు మీద తెల్లటి మచ్చలు పడిపోతాయి, కింది భాగాలకి మనమే ఉప్పు పూసినట్టవుతుంది. నీళ్లు పరీక్ష చేయించు. బాగాలేకపోతే ఆఖరి తడుపు మంచి నీళ్లతో చేయించు, ఖర్చనుకోకు. దుమ్ము మీద పొడి గుడ్డ పెట్టి తుడిచే వాణ్ణి పనిలో పెట్టుకోవద్దు. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది, ఒక్కసారి గుండ్రంగా తిప్పి తుడిస్తే నల్ల కారు మీద ట్యూబులైటు కింద సాలెగూడులా గీతలు కనిపిస్తాయి. రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. కడిగాక బ్రేకులు ఆరేదాకా కాస్త కదిలించాలి. కవరు గాలాడే బట్టది కొను, దుమ్ము మీద మాత్రం కప్పకు.

ఎలుకలకి మందు పెట్టొద్దు. తిన్న ఎలుక డ్యాష్‌బోర్డు వెనక చేరి చచ్చిందంటే, వాసన పోవడానికి కారు సగం ఊడదీయాలి. బోనులు పెట్టు, తలుపు కింద సందులు మూయించు, షెడ్డులో ఎవరూ అన్నం తినకూడదని ఖచ్చితంగా చెప్పు. కలరా ఉండలు వేస్తే వాసన కారు లెదరుకి పడుతుంది, అది కస్టమరుకి నచ్చదు.

తాళంచెవులు కారు దగ్గర ఉంచకు. దగ్గరుంటే కొన్ని కార్లు మేలుకునే ఉండి బ్యాటరీ తాగుతాయి. ఇనుప పెట్టెలో, నీ ఆఫీసులో, ఎవరు తీశారో సంతకంతో.

కారు దిగిన రోజే పగటి వెలుతురులో చుట్టూ ఫోటోలు తీయి. చక్రాల అంచులు, ముందు బంపరు కింది భాగం ముఖ్యం, గొడవలన్నీ అక్కడే వస్తాయి. యజమాని ముందే కిలోమీటర్లు, పెట్రోలు, టైర్ల మీది తయారీ వారం, సంవత్సరం రాసి సంతకం తీసుకో. తర్వాత ప్రతి సోమవారం వోల్టులు, టైరు గాలి, షెడ్డు తేమ, ఛార్జరు లైటు, కారు కింద ఏమైనా కారిందా, చాక్‌పీసు గీత ఎక్కడుంది, ఇవన్నీ రిజిస్టరులోకి ఎక్కాలి. నీ చేత్తో రాయి, కుర్రాళ్లకి వదలకు. ఒకసారి ఛార్జరు తగిలించని ఒక కారు 12.6, 12.6, 12.5 అని వరసగా ఉండి ఒక్క వారంలో 12.2కి దిగింది. మీటరు తప్పనుకోకుండా వెతికితే, వేరేవాళ్లు బిగించిన ట్రాకరు కరెంటు తాగుతోందని దొరికింది. ఆ పాత అంకెలు లేకపోతే నాకు అనుమానమే వచ్చేది కాదు.

పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కార్లు ఇప్పుడే తీసుకోవద్దు. వాటి హై వోల్టేజి వ్యవస్థ దగ్గరికి ట్రైనింగు లేని మనిషి వెళ్లకూడదు. ముందు నాలుగు మామూలు కార్లతో ఒక వానాకాలం గడిపి చూడు.

ఆదివారం పినాకిని రైలుకి వస్తాను. తేమ చూపే మీటరు నా దగ్గరుంది, తెస్తాను. ఈలోగా పొదలకూరు రోడ్డులో షెడ్డు ఒకటి చూసి, శనివారం పొద్దున్నే అందులో మూడు చోట్ల ప్లాస్టిక్ షీట్లు అతికించి పెట్టు, ఒకటి తప్పకుండా పడమటి గోడ వారగా. నేను వచ్చేదాకా తియ్యకు. అడ్వాన్సు కూడా ఇవ్వకు.

మీ మామయ్య