ఫ్రెంచి మాట్లాడేవారికి ఇంగ్లీషు 'గెట్' ఎలా వివరించాలి?

ప్రశ్న: ఫ్రాన్సులో పనిచేస్తున్నాను. ఆఫీసులో ఫ్రెంచి సహోద్యోగులకు ఇంగ్లీషు సంభాషణ నేర్పుతున్నాను. 'గెట్' వచ్చిన ప్రతి వాక్యానికీ కొత్త అర్థం చెప్పవలసి వస్తోంది. అర్థాల పట్టిక ఒకటి తయారుచేసి ఇస్తే సరిపోతుందా?

జవాబు:

పట్టిక ఇవ్వకండి. తులూజ్‌లో సాయంత్రపు తరగతులలో పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెబుతున్నదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాను. పొందు, తెచ్చుకో, చేరు, అవు, అర్థం చేసుకో అంటూ వరుసగా రాసి ఇస్తే వాళ్ళు శ్రద్ధగా బుర్రకెక్కించుకుంటారు, కానీ నోరు విప్పినప్పుడు ఆ పట్టికలోని ఫ్రెంచి మాట పట్టుకుని దానికి దగ్గరగా ఉన్న ఇంగ్లీషు మాటనే వాడతారు. పొందడమనే 'ఒబ్తెనీర్'కు 'అబ్టెయిన్', అందుకోవడమనే 'రెసెవ్వార్'కు 'రిసీవ్', చేరడమనే 'ఆరివే'కు 'అరైవ్' సిద్ధంగా ఉండనే ఉన్నాయి. స్నేహితుడికి కాఫీ తెచ్చిపెట్టిన మనిషి 'ఐ అబ్టెయిన్డ్ ఎ కాఫీ ఫర్ యూ' అంటే వ్యాకరణపు తప్పు ఏమీ లేదు, అయితే అది సర్కారు ఉత్తరంలా వినిపిస్తుంది.

దీనికి చరిత్రలో కారణం ఉంది. దాన్ని మొదటి తరగతిలోనే చెప్పడం నాకు అలవాటు, ఎందుకంటే ఫ్రెంచివారికి అది ఆసక్తి కలిగిస్తుంది. 'గెట్' స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాలలో స్థిరపడిన వైకింగుల భాషలోని 'గెతా' అనే క్రియ నుంచి వచ్చింది. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించిన తర్వాత దర్బారులోనూ న్యాయస్థానాలలోనూ ఫ్రెంచి చాలాకాలం చెలామణి అయింది, ఆ దారిన వచ్చిన ఫ్రెంచి మాటలు పెద్దరికపు మాటలుగా నిలిచిపోయాయి. ఇంటి మాట, వీధి మాట మాత్రం పాతదే. ఆ నార్మన్ల పూర్వీకులు కూడా 911లో ఫ్రెంచి రాజు నుంచి భూములు పొంది స్థిరపడిన స్కాండినేవియన్లే, కానీ వాళ్ళు తమ భాష వదిలి ఫ్రెంచి అందుకున్నారు. అందువల్ల ఫ్రెంచి విద్యార్థికి ఇంగ్లీషులోని గంభీరమైన మాటలు పుట్టింటివి, రోజువారీ మాటలు పరాయివి. 

ఇక నేర్పే పద్ధతికి వస్తాను. 'గెట్'కు అర్థమేమిటని అడగనివ్వకండి, 'గెట్' తర్వాత ఏ రకం మాట వచ్చిందో చూడమనండి. వస్తువు పేరు వస్తే పొందడమో తెచ్చుకోవడమో అవుతుంది: 'గెట్ ఎ లెటర్', 'గెట్ సమ్ బ్రెడ్'. చోటును తెలిపే మాట వస్తే చేరుకోవడం: 'గెట్ హోమ్', 'గెట్ టు ద స్టేషన్'. ఈ రెండింటిమీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు, సందర్భాన్నిబట్టి వాళ్ళే పట్టుకుంటారు. 'ఐ హావ్ గాట్ ఎ కార్' అన్నదాన్ని మాత్రం విడిగా చెప్పండి. అక్కడ పొందడమేమీ లేదు, కారు ఉంది అన్నంతే.

అసలు పని విశేషణం వచ్చినచోట మొదలవుతుంది. 'గెట్ ఓల్డ్', 'గెట్ ఫ్యాట్', 'గెట్ యాంగ్రీ', 'గెట్ లాస్ట్', 'గెట్ మారీడ్' లాంటివాటికి ఫ్రెంచిలో 'అవు' అనే అర్థమిచ్చే 'దెవెనీర్' వెతుక్కుంటూ పోతే దారి తప్పుతారు. వాళ్ళ భాషలో ఈ పనిని రెండు పద్ధతులు పంచుకున్నాయి. ఒకటి, విశేషణం నుంచే క్రియను పుట్టించడం: 'వియూ' అంటే ముసలి, 'వియెయీర్' అంటే ముసలివాడు కావడం, 'గ్రో' అంటే లావు, 'గ్రోసీర్' అంటే లావెక్కడం, 'రూజ్' అంటే ఎరుపు, 'రూజీర్' అంటే ఎర్రబడడం. రెండోది, క్రియకు ముందు 'స' చేర్చడం: 'సెనెర్వే' కోపం తెచ్చుకోవడం, 'స పెర్ద్ర్' దారి తప్పడం, 'స మార్యే' పెళ్ళి చేసుకోవడం, 'సాబియే' బట్టలు వేసుకోవడం. నేను బోర్డుమీద ఫ్రెంచి క్రియలే రాసి, ఒక్కొక్కదానికీ ఇంగ్లీషులో 'గెట్' పెట్టి చెప్పమంటాను. తమ భాషలో ఇంత స్పష్టమైన క్రమం ఉందని చూసినప్పుడు వాళ్ళకు కలిగే సంతోషం నేర్పేవారికి కూడా ఉత్సాహాన్నిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది 'చేయు' అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ 'ఫేర్' దగ్గర ఉంది. తన కారును మెకానిక్కు చేత బాగుచేయించుకున్న ఫ్రెంచి మనిషి సాధారణంగా 'ఐ మేడ్ రిపేర్ మై కార్' అంటాడు, ఎందుకంటే అతని భాషలో 'ఫేర్ రెపారే' అంటే చేయించడం. ఇంగ్లీషులో ఆ చోటు 'ఐ గాట్ మై కార్ రిపేర్డ్' అనేదానిది. జుట్టు కత్తిరించుకోవడమూ అంతే: 'జ మ సుయి ఫే కూపే లే షవ' (ఇందులోని 'మ' అనేది 'నేను' అన్నప్పటి 'స') అన్న మాటకు 'ఐ గాట్ మై హెయిర్ కట్' అచ్చంగా సరిపోతుంది. ఇక్కడ తెలుగువాళ్ళమైన మనకు ఒక సౌలభ్యం ఉంది. 'చేయించుకున్నాను' అన్న మాటలో 'ఇంచు' వాళ్ళ 'ఫేర్' చేసే పని చేస్తుంది, 'కొను' వాళ్ళ 'స' చేసే పని చేస్తుంది. అందువల్ల వాళ్ళు ఎక్కడ ఎందుకు తడబడుతున్నారో ఇంగ్లీషువాళ్ళకన్నా మనకే త్వరగా తెలుస్తుంది.

'స', 'ఫేర్' కలిసిన ఈ 'స ఫేర్'కు ఇంకో ముఖముంది. మనిషికి తన ప్రమేయం లేకుండా జరిగే చెడుకు కూడా ఫ్రెంచివారు దాన్నే వాడతారు. నా తరగతిలో ఒకావిడ మెట్రోలో పర్సు పోగొట్టుకుని వచ్చి 'ఐ వాజ్ స్టోలెన్' అన్నది. ఆ వాక్యానికి అర్థం దొంగ ఆవిడనే ఎత్తుకుపోయాడని. ఆవిడ మనసులో ఉన్నది 'జ మ సుయి ఫే వోలే'. దానికి ఇంగ్లీషులో 'ఐ గాట్ రాబ్డ్' అనాలి. ఉద్యోగం పోతే 'హి గాట్ ఫైర్డ్', అమ్మ కేకలేస్తే 'హి గాట్ స్కోల్డెడ్'. మన 'తిట్లు తిన్నాడు', 'దెబ్బలు తిన్నాడు' అనే వాడుక ఈ 'గెట్'కు చాలా దగ్గరది. అయితే 'గాట్'ను 'వాజ్' ఉన్న ప్రతిచోటా పెట్టకూడదని హెచ్చరించండి. ఏదో ఒక సంఘటన జరిగి, దాని దెబ్బో లాభమో మనిషికి తగిలినప్పుడే అది బాగుంటుంది. 'షి గాట్ పెయిడ్' సరే, కానీ 'షి గాట్ నోన్' అని ఎవరూ అనరు. పాత చర్చి ఎప్పుడు కట్టారో చెప్పేటప్పుడు కూడా 'వాజ్ బిల్ట్' అనడమే మంచిది.

'ఆరివే' నుంచే వచ్చి, నావల్ల కావడం లేదు అనే అర్థమిచ్చే 'జారీవ్ పా' అన్న ఫ్రెంచి మాట మీద కూడా ఒక తరగతి పెట్టండి. సీసా మూత రాకపోతే 'ఐ డోన్ట్ అరైవ్ టు ఓపెన్ ఇట్' అనడం అక్కడ తరచుగా వినిపించే తప్పు. 'ఐ కాన్ట్ గెట్ ఇట్ ఓపెన్' అని నేర్పితే, ప్రయత్నించినా ఫలితం రాలేదన్న భావం అందులోనే ఉందని వాళ్ళకు అర్థమవుతుంది. ఆ ప్రయత్నమే మనుషుల విషయంలోనూ ఉంటుంది: 'ఐ గాట్ హిమ్ టు సైన్' అంటే నచ్చజెప్పో బతిమాలో సంతకం పెట్టించానని, 'ఐ మేడ్ హిమ్ సైన్' అంటే బలవంతాన పెట్టించానని. ఫ్రెంచి 'ఫేర్' ఈ రెండింటినీ ఒకే గాటన కడుతుంది కాబట్టి, ఈ తేడాను నాటకంలాగా ఇద్దరిచేత ఆడించి చూపించడం అవసరం.

'గెట్ అప్', 'గెట్ ఆన్', 'గెట్ ఓవర్', 'గెట్ బై' వంటి జంటమాటలను మొదటి నెలల్లో మొత్తంగా ముందు పెట్టకండి. బస్సు ఎక్కడం, దిగడం, నిద్ర లేవడం చాలు. 'స దెబ్రూయే' అనే మాట వాళ్ళకు చాలా ఇష్టం కాబట్టి, ఎలాగోలా నెట్టుకురావడమనే అర్థంలో 'గెట్ బై' మాత్రం త్వరగానే చెప్పవచ్చు. చెవికి కూడా కొంత శిక్షణ ఇవ్వండి. అమెరికనులు 'గెట్ ఇట్'ను 'గెడిట్' అనీ, 'గెట్ అప్'ను 'గెడప్' అనీ పలుకుతారు. అది తెలియనివాళ్ళకు తమకు బాగా వచ్చిన మాట కూడా వాక్యంలో వినబడదు. మీ సహోద్యోగులు అమెరికావాళ్ళతో ఫోనులో మాట్లాడేవారైతే 'గాటెన్' గురించి కూడా చెప్పండి: అమెరికాలో 'ఐ హావ్ గాట్' అంటే నా దగ్గర ఉందని, 'ఐ హావ్ గాటెన్' అంటే సంపాదించాననో అయ్యాననో. ఇంగ్లండులో ఈ రెండోదానికి కూడా మామూలుగా 'గాట్' అనే అంటారు.