హెలిగోలాండ్: గొంతులు మారినా ఆల్బమ్ ఒకటే

బ్రిటన్ సంగీత బృందం మాసివ్ అటాక్ వారి ఆల్బమ్ ‘హెలిగోలాండ్’ను ఫోనులో మొదటిసారి విన్నాననీ, గాయకులు మారుతూ ఉండటంతో పది బృందాల పాటలను ఒకచోట కుట్టినట్టుందనీ ఒక శ్రోత నాకు రాశారు. తొలిసారి నాకూ అలాగే అనిపించింది.

ముందు ఫోను స్పీకరు మానేయండి. ఈ బృందానిది ట్రిప్‌హాప్, అంటే నెమ్మదైన హిప్‌హాప్ లయల మీద నడిచే శైలి. అందులో పాట బరువంతా మోసేది బేస్. చిన్న స్పీకరు ఆ కింది స్థాయి నాదాన్ని సరిగా పలికించలేదు, గొంతు మాత్రమే పైకి తేలుతుంది. అందుకే గొంతు మారితే పాట లోకమే మారిపోయినట్టు తోస్తుంది. మంచి హెడ్‌ఫోన్స్‌తో, గాయకులను కాసేపు వదిలి, డ్రమ్స్ వెంట నడవండి.

అతిథి గాయకులు వీళ్లకు అలంకారం కాదు. ఇంగ్లండ్ నగరం బ్రిస్టల్‌లోని సౌండ్ సిస్టమ్‌ల నుంచి, అంటే పెద్ద స్పీకర్లతో పార్టీల్లో రికార్డులు మోగించే బృందాల నుంచి, పుట్టిన సంగీతమిది. అక్కడ రికార్డు తిప్పేది ఒకరు, మైకు పట్టేది మరొకరు. 1991 నాటి తొలి ఆల్బమ్‌లోనే షారా నెల్సన్, హొరేస్ ఆండీ పాడారు. 2010లో వచ్చిన ఈ ఐదో ఆల్బమ్ దాకా ఆండీ లేని స్టూడియో ఆల్బమ్ లేదు! సన్నగా వణికే ఆ జమైకా గొంతంటే నాకు ప్రాణం.

కాబట్టి ఆయన పాడిన ‘గర్ల్ ఐ లవ్ యూ’తో మొదలుపెట్టండి. తర్వాత ‘పారడైజ్ సర్కస్’. చప్పట్లు, పియానో, వాటి మీద హోప్ సాండొవల్ గుసగుస; చివర్లో వయొలిన్లు లేచే చోట వాల్యూమ్ తగ్గించకండి. గై గార్వీ పాట కొరుకుడు పడటానికి సమయం పడుతుంది, దాన్ని ఆఖరికి ఉంచండి. ఆ తర్వాత ఒక రాత్రి ఆల్బమ్‌లోని పది పాటలనూ వరుసగా వినండి.