రెండు సంస్కృతుల కుటుంబం, అందులో ఒక రహస్యం: ఏ నాటకం వెయ్యాలి?

మీ బృందంలో పది పన్నెండు మంది ఉన్నారని, వేర్వేరు మతాలో సంస్కృతులో ఢీకొనే ఇల్లు, అందులో ఒక పాత రహస్యం ఉన్న నాటకం కావాలని, ఆ రహస్యాన్ని చివరిదాకా దాచాలా వద్దా అని అడిగారు. నా ఓటు మహేశ్ దత్తానీ ఇంగ్లీషులో రాసిన ‘ఫైనల్ సొల్యూషన్స్’కి. 1993లో బెంగళూరులో మొదటిసారి ఆడారు. మేం కొందరం స్నేహితులం హైదరాబాదులో, తెలిసినవాళ్ళ ముందు, దీన్ని తెలుగు చేసుకుని చదివాం, కొన్ని రంగాలు నటించాం కూడా. నాది రమణిక్ గాంధీ వేషం.

కథ తెలియకపోతే క్లుప్తంగా చెప్తాను. గుజరాత్‌లో ఒక ఊరు. అల్లర్లు జరుగుతున్న రాత్రి, గుంపు తరుముతుంటే జావేద్, బాబీ అనే ఇద్దరు ముస్లిం కుర్రాళ్ళు రమణిక్ ఇంటి తలుపు కొడతారు. ఆయన లోపలికి రానిస్తాడు. భార్య అరుణకి అది బొత్తిగా ఇష్టం లేదు. తల్లి హార్దికకైతే ముస్లింలంటేనే పడదు. పదిహేనేళ్ళ వయసులో, దక్ష అన్న పాత పేరుతో ఉన్నప్పుడు, ఆమె రాసుకున్న 1948 నాటి డైరీ మధ్యమధ్యలో వినిపిస్తుంది. గాయని నూర్జహాన్ పాటలంటే ప్రాణం, జరీన్ అనే ముస్లిం అమ్మాయితో స్నేహం, తర్వాత ఆ స్నేహం చెడిపోవడం, అన్నీ అందులోనే.

ఇక రహస్యం. చివర్లో తెలిసేది ఏమిటంటే, రమణిక్ నడుపుతున్న కొట్టు ఒకప్పుడు జరీన్ తండ్రిది. అల్లర్ల ముసుగులో రమణిక్ తండ్రీ తాతా దాన్ని తగలబెట్టించి, ఆనక చవగ్గా కొనేశారు. హార్దికకి ఇన్నేళ్ళూ ఈ సంగతి తెలియదు. కొడుకుకి తెలుసు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. ప్రేక్షకుడికి చివర్లో తెలిస్తే చాలు. కానీ వేషం కట్టినవాడు మొదటి రంగం నుంచే దాన్ని మొయ్యాలి. రమణిక్ మంచితనం ఎప్పుడూ ఒక పాలు ఎక్కువే. అప్పటికప్పుడు జావేద్‌కి తన కొట్లో ఉద్యోగం ఇస్తానంటాడు. మొదటిసారి చదివితే ఉదారవాది అనిపిస్తాడు. రెండోసారి చదివితే అప్పు తీర్చడానికి తంటాలు పడుతున్న మనిషి కనిపిస్తాడు. నేను ఉద్యోగం మాట చెప్పేటప్పుడు జావేద్ మొహంలోకి చూడకుండా చెప్పాను. చివర్లో అసలు సంగతి బయటపడ్డాక కొందరు ప్రేక్షకులు దాన్నే గుర్తు చేశారు. మన పరిషత్తు నాటికల్లోలాగా ఆఖరి పది నిమిషాల్లో బీరువాలోంచి ఉత్తరం తీసి, చదివి, అందరూ బావురుమనడం ఇక్కడ పనికిరాదు.

ఇంకో చోటు చెప్పాలి, నీళ్ళ గ్లాసులది. కుర్రాళ్ళు తాగేశాక అరుణ ఆ గ్లాసుల్ని పెదాలు తగలని వైపు రెండు వేళ్ళతో పట్టుకుని, మిగతావాటికి దూరంగా పెడుతుంది. డైలాగేమీ లేదు. మా అరుణ రిహార్సల్లో మొహం చిట్లించి చేసేది. అలా కాదమ్మా, ఇంట్లో రోజూ చేసే పనిలా చెయ్యి అన్నాడు డైరెక్టర్. అలా చేసేసరికి హాల్లో చాలామంది కుర్చీల్లో ఇబ్బందిగా కదిలారు. పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే ఇళ్ళు మనకి కొత్తా?

గుంపుగా ఐదుగురు కావాలి. వాళ్ళే కర్రలకి కట్టిన హిందూ, ముస్లిం ముసుగులు మార్చుకుంటారు. మనుషులు అవే, ముసుగే మారుతుంది. దీనికి ఖర్చు తక్కువ, రిహార్సలే ఎక్కువ.

కథని పాతబస్తీకి మార్చేద్దామని మాలో ఇద్దరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. హైదరాబాదులో 1948 అంటే పోలీసు చర్య, రజాకార్లు. ఆ కొట్టు ఎవరు ఎవరిది తగలబెట్టారన్న లెక్కే మారిపోతుంది, అది ఇంకో నాటకం అవుతుంది. గాంధీలని గాంధీలుగానే ఉంచండి.

మనుషులు తక్కువైతే ఆయనదే ‘తార’ చూడండి. తండ్రి గుజరాతీ, తల్లి బెంగళూరు మనిషి, పిల్లలు అతుక్కుపుట్టిన కవలలు. ఇద్దరికీ కలిపి ఉన్న మూడో కాలు ఎవరికి దక్కింది, ఎవరు నిర్ణయించారు అన్నదే గుట్టు. నవ్వించేది కావాలంటే అయూబ్ ఖాన్ దిన్ ‘ఈస్ట్ ఈజ్ ఈస్ట్’ (1996). పాకిస్తానీ తండ్రి, ఇంగ్లీషు తల్లి, ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో చేపల వేపుళ్ళ కొట్టు. దాన్నే సినిమాగా తీస్తే ఓం పురి నటించాడు, చూసే ఉంటారు. వాజ్ది మువాద్ ఫ్రెంచి నాటకం ‘ఇన్సెన్డీస్’ గొప్పదే గానీ కొత్త బృందానికి బరువు ఎక్కువ. దాని ముగింపు మాత్రం నెట్‌లో వెతక్కండి.

టికెట్టు పెట్టినా పెట్టకపోయినా, బహిరంగంగా ఆడాలంటే, అనువాదానికీ ప్రదర్శనకీ రచయిత అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. అది కుదరకపోతే సొంతంగా రాసుకోండి. మా అమ్మది మరాఠీ, నాన్నది తెలుగు. పిల్లలు వినకూడని మాట రాగానే అమ్మా, ఆజీ (అమ్మమ్మ) మరాఠీలోకి దిగేవాళ్ళు. మాకేమో అది శుభ్రంగా అర్థమయ్యేది, మేం అర్థం కానట్టు కూర్చునేవాళ్ళం. మీ బృందంలో ఇలాంటి ఇల్లు ఉన్నవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు, ముందు వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించండి.