గాలికుంటు పాజిటివ్ అన్నారని కోడెను తక్కువకు అమ్మకండి (సమాధానం)

మీ కోడె నెత్తురు పరీక్షలో వచ్చిన ఆ పాజిటివ్ టీకా వల్లే వచ్చి ఉండొచ్చు, అన్నా. ఆరు నెలలకోసారి వేసే గాలికుంటు టీకాకు కూడా నెత్తురులో యాంటీబాడీలు (రోగాన్ని ఎదుర్కొనే పదార్థాలు) పుడతాయి. చెన్నై బేరగాడు ఆ పరీక్ష రిపోర్టు చూపించి చీమకుర్తి కోడె ధర తగ్గించమన్నాడని రాశారు, అప్పుడే ఒప్పుకోకండి.

1. రిపోర్టులో ఏ పరీక్షో చూడండి. ‘ఎస్‌పీ’ (వైరస్ పైపొర ప్రోటీన్లకు పుట్టిన యాంటీబాడీలు చూసే) రకమైతే టీకాకూ, రోగానికీ తేడా చెప్పలేదు.

2. అందరూ వదిలేసేది ఇదే: ‘ఎన్‌ఎస్‌పీ ఎలైసా’ అనే నెత్తురు పరీక్షను పేరు చెప్పి అడగండి. ఎన్‌ఎస్‌పీ అంటే వైరస్ పెరిగేటప్పుడు తయారయ్యే ప్రోటీన్లు, శుద్ధి చేసిన టీకాలో ఇవి దాదాపు ఉండవు. వైరస్ ఒంట్లో పెరిగితేనే వాటికి యాంటీబాడీలు వస్తాయి. చాలాసార్లు టీకా పడిన పశువులో అరుదుగా ఇదీ పాజిటివ్ చూపొచ్చు, అందుకే మందలో ఇంకో రెండు మూడిటికీ చేయించండి.

3. చెవి ట్యాగు 12 అంకెల నంబరు మీద టీకా తేదీ ఎక్కిందా? పశువుల ఆసుపత్రిలో చూపించుకోండి. ట్యాగు మారి ఉంటే పాత నంబరూ చెప్పండి.

4. చొంగ, నోట్లో గానీ గిట్టల సందున గానీ పుళ్లు ఉంటే మాత్రం బేరం ఆపి, కోడెను విడిగా కట్టేసి వెంటనే డాక్టరును పిలవండి.