టర్బో కిట్ కోసం అప్పు చెయ్యొచ్చా?

ప్రశ్న: నాది ఎనిమిదేళ్ల నాటి చిన్న కారు. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, టర్బో లేదు. నలుగురం ఎక్కి ఏసీ వేస్తే చాలు, ఎత్తు ఎక్కడానికి ఆయాసపడుతోంది. ఈ మధ్య పికప్ మరీ తగ్గింది. ఇంజిన్ బలం పెంచే టర్బో కిట్ ఒకటి చూశాను, ధర నా రెండు నెలల జీతం. అవసరానికని దాచుకున్న సొమ్ము నాలుగు నెలల ఇంటి ఖర్చుకు వస్తుంది. అందులోంచి తియ్యనా, పర్సనల్ లోన్ తీసుకోనా? రోజూ ఆఫీసుకు ఈ కారులోనే వెళ్తాను.

జవాబు: రెండూ వద్దండీ. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది చివరి వాక్యం దగ్గరే. మీ జీతం ఆ కారు మీదే ఆధారపడి ఉంది.

ముందు ఖర్చు సంగతి. మీరు చూసింది కిట్ ధర మాత్రమే. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి వాయువులు టర్బోలో ఒక చక్రాన్ని నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిప్పుతాయి. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. అందుకు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి, అవి చాలకపోతే కొత్త ఫ్యూయల్ పంపు. ఒత్తిన గాలి వేడెక్కుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్. టర్బో బేరింగులకు ఆయిల్ వెళ్లడానికి ఒక పైపు, తిరిగి రావడానికి ఇంకోటి. వీటన్నిటికీ తగ్గట్టు ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ట్యూనింగ్. పెరిగిన టార్క్‌కు, అంటే ఇంజిన్ తిప్పే బలానికి, క్లచ్ జారడం మొదలైతే అదీ మార్చాలి. చవక కిట్లలో వీటిలో చాలావరకు ఉండవు. అసలు కన్నా కొసరు ఎక్కువంటారే, అదే ఇది. నేనైతే బడ్జెట్‌లో కిట్ ధరకు రెండున్నర రెట్లు రాసుకుంటాను. మీ విషయంలో అది ఐదు నెలల జీతం.

ఇక నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంజిన్ సంగతి. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్లలో కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని గాలిని పిస్టన్ ఎన్నో వంతుకు కుదిస్తుందన్న లెక్క, సాధారణంగా 10:1, ఆపైన ఉంటుంది. దాని మీద ఇంకో 7 పీఎస్ఐ ఒత్తిడి పెడితే, అంటే మామూలు గాలి పీడనంలో దాదాపు సగం అదనంగా ఎక్కిస్తే, కాగితం మీద 80 హార్స్‌పవర్ 110 దాకా పోతుంది. కానీ సిలిండర్‌లో వేడీ ఒత్తిడీ పెరిగి, మంట అందేలోపే పెట్రోల్ దానంతటది పేలుతుంది. నాకింగ్ అంటారు. కంపెనీ వాళ్లు టర్బో ఇంజిన్ చేసేటప్పుడు పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, కూలింగ్ అన్నీ దానికి తగ్గట్టే చేస్తారు. మీ ఇంజిన్‌ను ఆ లెక్కతో చెయ్యలేదు. 1962లో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ జెట్‌ఫైర్ అనే టర్బో కారు తెచ్చింది. కంప్రెషన్ 10.25:1. నాకింగ్ ఆపడానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం వేరే ట్యాంకులో పోస్తూ ఉండాలి. చాలామంది పొయ్యడం మరిచిపోయారు. 1963తో ఆ కారు ఆగిపోయింది, తర్వాత ఎన్నో కార్లకు టర్బోలు ఊడదీసేశారు. అంత పెద్ద కంపెనీకే అలా అయింది.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒకతను సంచిలోంచి ఒక పిస్టన్ తీసి నా టేబుల్ మీద పెట్టాడు. రింగు కూర్చునే గాడి పక్కన వేలిగోరంత ముక్క ఎగిరిపోయి ఉంది, అంచు గరుకుగా చేతికి తగిలింది. టర్బో పెట్టించి నాలుగు నెలలు. ఆ చిన్న ముక్క సిలిండర్ గోడను గీరేసింది, ఇంజిన్ బోరుకొచ్చింది, అంటే సిలిండర్లు మళ్లీ తొలిపించాల్సి వచ్చింది. టర్బో కోసం చేసిన అప్పుకు ఇంకా రెండున్నరేళ్ల కిస్తీలు మిగిలి ఉన్నాయి. ఆ నెల అతను ఆఫీసుకు ఎలా వెళ్లాడో చెబుతుంటే నాకు కష్టంగా అనిపించింది.

మీకు వద్దంటున్నది అందుకే. ఏడాదికి 14 శాతం వడ్డీతో మూడేళ్ల లోన్ తీసుకుంటే, ప్రతి 100కూ మీరు కట్టేది 123. పోనీ దాచుకున్నది తీస్తే? అది ఐదు నెలల జీతానికి చాలదు, పైగా ఇంజిన్ పోయిన రోజున కావలసిన డబ్బే ముందుగా ఖర్చైపోయి ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఇలాంటి మార్పు చేస్తే క్లెయిమ్ తిరస్కరించే వీలుంది, చెబితే ప్రీమియం పెరగొచ్చు. అమ్మేటప్పుడు టర్బోకు పెట్టిన సొమ్ము తిరిగి రావడం అరుదు. మార్పులు చేసిన పాత కారంటే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు.

మీకు స్పీడు మీద ఇష్టం ఉండటంలో తప్పేమీ లేదు, ఆ ఇష్టాన్ని నేను కాదనను. ఈ కారు అమ్మి, వచ్చిన దానికి అదే ఐదు నెలల జీతాన్ని నెలనెలా కూడబెట్టి కలిపితే, కంపెనీ నుంచే టర్బోతో వచ్చిన సెకండ్‌హ్యాండ్ కారు చూడొచ్చు. ఏడాదిన్నరో రెండేళ్లో పడుతుంది. ఈ కారుకే టర్బో పెట్టాలనుంటే, రోజువారీ తిరగడానికి ఇంకో బండి వచ్చాకే పెట్టండి.

ఈలోగా నమ్మకమైన మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ చేయించండి, సిలిండర్లలో ఒత్తిడి సరిగా నిలుస్తోందో లేదో అందులో తెలుస్తుంది. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఇంజెక్టర్లు, క్లచ్, టైర్లలో గాలి చూపించండి. పికప్ ఈ మధ్యే తగ్గిందన్నారు, ఎనిమిదేళ్ల కారులో దానికి కారణం తరచు వీటిలోనే దొరుకుతుంది. ఆ బిల్లు మీ నెల జీతంలోంచే కట్టెయ్యగలరు. టెస్టులో ఏ సిలిండర్‌లోనైనా కంప్రెషన్ తక్కువ చూపిస్తే మాత్రం కిట్ మాట పక్కన పెట్టి, కారు అమ్మే సంగతి ముందు చూడండి.