బూకీ కథకు పిల్లలు నవ్వట్లేదా? కారణం ఆ ఒక్క మాటే

కరీబియన్ దేశం హైతీ జానపద కథల్లో బూకీ ఓ అమాయకుడు. అతని కథలో ‘వియ్-అయ్’ అనే మాట దగ్గర మీ పిల్లలు నవ్వట్లేదంటే, దాన్ని పండు పేరనుకుంటున్నారు. నిజానికది నొప్పి పుట్టి వేసిన కేక.

1. ముందు మీరు "క్రిక్?" అనండి, వాళ్లతో "క్రాక్!" అనిపించండి. హైతీలో కథ అలాగే మొదలవుతుంది.

2. ముసలాయన్ని "ఏం తింటున్నావ్?" అని బూకీ అడిగేసరికి ఆయన కారానికి నోరు మండి "అబ్బా!" అంటాడు. కేకను ఇలా తెలుగులోకి మార్చేయండి. అదే ఆ తిండి పేరనుకుని బూకీ బజారంతా "అబ్బా ఉందా?" అని తిరుగుతాడు.

3. అందరూ తొందరపడేది ఇక్కడే. బూకీని ఆటపట్టించే జిత్తులమారి టి మాలిస్ ఇచ్చిన సంచీలోంచి, బూకీలా నారింజ తీయండి: "ఇది అబ్బా కాదు." అనాస: "ఇదీ కాదు." కాస్త ఆగండి. అడుగున నాగజెముడు. చెయ్యి పెట్టగానే...

ఆ కేక పిల్లలకే వదిలేయండి.